‘ఈసారి ఎండలు సాధారణం కన్నా ఎక్కువ’ అంటే కొండ మీద ఎంత, మైదానంలో ఎంత?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అమ్మానాన్నలు ఇద్దరూ డెబ్బై దాటినవారు, విజయవాడలో అపార్టుమెంటు పై అంతస్తులో ఉంటారు. ఏప్రిల్ మధ్య నుంచి మే ఆఖరు దాకా వాళ్లను అరకులో ఒక అద్దె ఇంట్లో ఉంచాలని మీ ఆలోచన. మీ అన్నగారికి నూజివీడు దగ్గర మామిడి తోట, కొంత మొక్కజొన్న ఉన్నాయి. ‘ఈ వేసవిలో ఉష్ణోగ్రతలు సాధారణం కన్నా ఎక్కువ’ అన్న వార్త చదివారు. అది కొండకూ మైదానానికీ ఒకేలా వర్తిస్తుందా, దాన్ని పట్టుకుని ప్రయాణం, కోత తేదీలు ఖరారు చేసుకోవచ్చా అన్నది ప్రశ్న.

తేదీల కోసమైతే ఆ వార్త పనికిరాదు. ఏసీ బాగు చేయించుకోవడానికి, తోటకు నీటి ఏర్పాటు చూసుకోవడానికి, టార్పాలిన్లు ముందే కొనిపెట్టుకోవడానికి పనికొస్తుంది. వేసవి మొదట్లో మన దగ్గర కొండ వాతావరణాన్నీ మైదాన వాతావరణాన్నీ నిర్ణయించేది గాలి దిక్కు. పడమటి గాలి వస్తోందా, సముద్రపు గాలి వస్తోందా అన్నది చూడటం అలవాటైతే సగం జోస్యం మీరే చెప్పుకోగలరు. వాతావరణ పరిశీలకుడిగా ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని కాబట్టి కాస్త విపులంగానే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఆ వార్త సంగతి. భారత వాతావరణ శాఖ ఫిబ్రవరి ఆఖరున మార్చి–మే కాలానికీ, మార్చి ఆఖరున ఏప్రిల్–జూన్ కాలానికీ అంచనా ఇస్తుంది. ఆ పటంలో రంగులు చూపించేది సంభావ్యతను. 1991 నుంచి 2020 దాకా గడిచిన ముప్పై వేసవులను చల్లటి దాని నుంచి వేడి దాని దాకా వరుసలో నిలబెట్టి మూడు సమాన భాగాలు చేశారనుకోండి. పై పదిలో పడే వేసవి ‘సాధారణం కన్నా ఎక్కువ’. ఏ సమాచారమూ లేకపోయినా అందులో పడే అవకాశం మూడింట ఒక వంతు ఎలాగూ ఉంది. పటం 60 శాతం అని చూపిస్తే ఆ అవకాశం దాదాపు రెట్టింపయిందని అర్థం. అప్పుడు కూడా పదింట నాలుగు సార్లు అలా జరగదు. పత్రికల్లో శీర్షిక పెట్టేటప్పుడు ఈ నాలుగు ఎగిరిపోయి ‘భగ్గుమననున్న భానుడు’ మాత్రం మిగులుతాడు.

ఇంకొకటి. కాలమంతటి సగటు అర డిగ్రీ పెరిగినా, ఒక డిగ్రీ పెరిగినా మా లెక్కలో అది గట్టి మార్పే. ఇంట్లో కూర్చున్న మనిషికి ఆ అర డిగ్రీ తెలియదు. మేలో ఒక వారానికీ మరో వారానికీ మధ్యాహ్నపు వేడిలో ఆరేడు డిగ్రీల తేడా రావడం మామూలే. మనుషులు పడిపోయేది, కాయ రాలిపోయేది ఆ వారాల్లోనే గాని సగటులో కాదు.

రెండు ఏళ్లు గుర్తు చేస్తాను. 2024లో ఏప్రిల్–జూన్‌కు వడగాలుల రోజులు బాగా పెరుగుతాయని చెప్పారు. ఏప్రిల్ ఆఖరు, మే మొదటి వారాల్లో రాయలసీమ, తెలంగాణ జిల్లాలు ఉడికిపోయాయి, అంచనా నిలబడింది. 2025 మార్చి ఆఖరునా దాదాపు అదే మాట చెప్పారు. తీరా మే వచ్చేసరికి దేశం మొత్తం మీద సగటున 126.7 మిల్లీమీటర్ల వాన కురిసింది, 1901 నుంచి ఉన్న లెక్కల్లో మే నెలకు అదే అత్యధికం. నైరుతి రుతుపవనాలు మే 24నే కేరళను తాకి, నెల ముగిసేలోపే తెలుగు రాష్ట్రాల్లోకి వచ్చేశాయి. ఆ ఏడాది మార్చి వార్తను నమ్మి మే నెలంతా కొండ మీద గది బుక్ చేసుకున్నవాళ్లు కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నారు. దీన్ని పట్టుకుని శాఖను తిట్టనక్కర్లేదు, మూడు నెలల కాలానికి ముందే చెప్పే మాటకు ఉండే బలం అంతే.

మీ ప్రశ్నలో అసలు చిక్కు కొండ. దేశాన్ని 36 వాతావరణ ఉపవిభాగాలు చేశారు. అందులో ‘కోస్తాంధ్ర, యానాం’ ఒకటి. పల్నాడులోని రెంటచింతల, విజయవాడ, విశాఖ బీచి, పాడేరు, చింతపల్లి అన్నీ ఈ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి. రాష్ట్రంలో ఎండకు పేరుమోసిన ఊరు, చలికి పేరుమోసిన ఊరు రెండూ ఒకే ఉపవిభాగం. రోజువారీ బులెటిన్‌లో ఉత్తర కోస్తా, దక్షిణ కోస్తా అని విడదీస్తారు గాని అప్పుడూ అరకు, శ్రీకాకుళం ఒక్క వాక్యంలోనే వస్తాయి. ఇక కాలపు అంచనా తయారుచేసే కంప్యూటర్ నమూనా నేలను సుమారు 38 కిలోమీటర్ల గళ్లుగా చూస్తుంది. ఘాట్ కింద శృంగవరపుకోట, పైన అరకు దాని కంటికి పక్కపక్క గళ్లు, ఒక్కోసారి ఒకే గడి. ఎనిమిది వందల మీటర్లకు పైబడిన ఎత్తు తేడా ఆ గడిలో సగటు అయిపోయి కొండ పొట్టిదవుతుంది, లోయ పూడిపోతుంది. ఫోనులో కనిపించే ఉచిత యాప్‌లలో చాలా వాటిదీ ఇదే బాధ. అరకుకు అవి చూపే అంకెను రెండు మూడు డిగ్రీల వెసులుబాటుతో చదవండి.

అంకె అన్నాను కాబట్టి అది ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెప్పాలి. అబ్జర్వేటరీలో గడ్డి నేల మీద, మనిషి ఛాతీ ఎత్తున, నాలుగు వైపులా వాలు పలకలున్న తెల్ల చెక్కపెట్టె ఉంటుంది. తలుపు ఉత్తరానికి తెరుచుకుంటుంది, ఎండ లోపల పడకుండా. లోపల పడుకోబెట్టిన గరిష్ఠ ఉష్ణమాపకంలో పాదరసం వేడికి ముందుకు జరిగి, గొంతు దగ్గరి నొక్కు వల్ల వెనక్కి రాలేక ఆగిపోతుంది. సాయంత్రం ఐదున్నరకు తలుపు తీసి, ఊపిరి గాజుకు తగలకుండా కన్ను దాని మట్టానికి దించి చదివితే ఆ రోజు అత్యధికం తేలుతుంది. అంటే పత్రికలో 43 అని వస్తే అది నీడలో, గాలి ఆడే చోట, గడ్డి మీద. బెంజ్ సర్కిల్ దగ్గర కారులో కనిపించే 48 తప్పు కాదు, కానీ అది తారు రోడ్డు లెక్క. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ‘ప్రభుత్వం తక్కువ చేసి చెబుతోంది’ అని పోస్టులు పెట్టేవాళ్లు ప్రతి మేలోనూ పుట్టుకొస్తారు. మీ అమ్మానాన్నలు ఉండేది పై అంతస్తులో కాబట్టి వాళ్లకు పత్రిక అంకె కన్నా పగలంతా కాగిన శ్లాబు ముఖ్యం.

ఇప్పుడు గాలి సంగతి. హైదరాబాద్ సముద్ర మట్టానికి అయిదు వందల మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. విజయవాడ దాదాపు సముద్ర మట్టానికే ఉంది. పడమటి గాలి బలంగా వీచే రోజున దక్కన్ పీఠభూమి మీద కాగిన పొడిగాలి కృష్ణా లోయ వెంట కిందికి దిగుతుంది. దిగే గాలి మీద ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడితో వేడెక్కుతుంది. పొడిగాలి అయితే కిలోమీటరు దిగితే దాదాపు పది డిగ్రీలు. లెక్క వేసుకోండి, హైదరాబాద్‌లో 41 ఉన్న గాలే విజయవాడ చేరేసరికి 45, 46. కొత్తగా ఎండ అక్కర్లేదు. విశాఖలోనూ ఏడాదికి కొన్ని రోజులు ఇదే జరుగుతుంది. పడమటి గాలి తూర్పు కనుమలు దాటి తీరానికి దిగిన మధ్యాహ్నం సముద్రపు గాలి లోపలికి రాలేదు, నగరం నలభై దాటుతుంది. అదే రోజు అరకులో ముప్పై అయిదు దగ్గర ఆగుతుంది. గాలి తిరిగి ఆగ్నేయం నుంచి వస్తే విశాఖ 35కు పడిపోతుంది, కానీ చొక్కా ఒంటికి అతుక్కుంటుంది. 35 డిగ్రీల్లో గాలిలో తేమ 60 శాతం ఉంటే ఒంటికి తెలిసే వేడి 45కు దగ్గరగా ఉంటుంది. తీరం వాళ్లు ఉక్కపోతను వడగాలి కన్నా తేలిక అనుకుంటారు. పెద్దవయసువారికి, రక్తపోటు మందులు వాడేవారికి అది తేలిక కాదు.

గాలి ఎటు తిరుగుతుందో ముందుగా తెలుసుకోవాలంటే బులెటిన్‌లో ‘ద్రోణి’ అన్న ముక్క వెతకండి. గాలి ఒత్తిడి తక్కువగా ఉన్న చోట్లు పటం మీద పొడవాటి గీతలా పరుచుకుంటే దాన్ని అలా అంటారు. ‘విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమ మీదుగా తమిళనాడు వరకు ద్రోణి కొనసాగుతోంది’ అన్న వాక్యం వేసవిలో దాదాపు రోజూ ఉంటుంది, జనం దాన్ని దాటేసి కింది అంకెలకు వెళ్లిపోతారు. ఆ గీతకు తూర్పున బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి, పడమర లోపలి నుంచి వచ్చే పొడిగాలి. రెండూ కలిసే చోట సాయంత్రాలు ఉరుములు. గీత తెలంగాణ మీద ఉన్నంతకాలం కోస్తాకు ఉక్కపోత, కొండలకు వాన. గీత తూర్పుకు జరిగి తీరానికి ఆనుకుందంటే కోస్తా అంతా పొడిగాలి పాలన కిందికి వచ్చినట్టే, వడగాలి హెచ్చరిక ఆ వెనకే వస్తుంది.

మే నెలలో సముద్రంలో వచ్చే తుఫానులు కూడా ఇదే ఆట ఆడతాయి, ఎటు పోతాయన్నదాన్ని బట్టి ఫలితం తలకిందులవుతుంది. 2022 మేలో అసని బలహీనపడి మచిలీపట్నం, నరసాపురం దగ్గర తీరానికి వచ్చింది, కోస్తా చల్లబడింది. మరుసటి ఏడు మే 14న మోచా మయన్మార్ తీరం దాటింది. మనకు చుక్క రాలలేదు సరికదా తేమనంతా అటు లాక్కుపోయి, మన మీదికి వాయవ్యపు పొడిగాలిని వదిలింది. తుఫాను వార్త రాగానే ‘హమ్మయ్య, చల్లబడుతుంది’ అనుకోకండి. అది ఒడిశా, బెంగాల్, మయన్మార్ వైపు పోతోందంటే మీ నాన్నగారికి రెండు రోజులు బయటకు వెళ్లవద్దని చెప్పండి.

వడగాలి ప్రకటనకూ కొండకు, మైదానానికి, తీరానికి వేర్వేరు కొలతలున్నాయి. మైదానంలో గరిష్ఠం కనీసం 40, తీరంలో 37, కొండ ప్రాంతంలో 30 డిగ్రీలు ఉండి, ఆ రోజుకు ఉండాల్సిన దానికన్నా నాలుగున్నర డిగ్రీలు పెరిగితే వడగాలి. ఆరు పాయింట్ నాలుగు దాటి పెరిగితే తీవ్ర వడగాలి. మైదానంలో 45 దాటితే మామూలెంత అన్న లెక్క చూడరు, 47 దాటితే తీవ్రమే. 2015 మేలో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ లెక్క ప్రకారమే 1,300 మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. ఎండలో పనిచేసే కూలీలు, ముసలివారే వారిలో ఎక్కువ.

ఇక కొండ ఎంత చల్లన? పుస్తకాల లెక్క కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీలు. అరకు లోయ సుమారు తొమ్మిది వందల మీటర్లు కాబట్టి దాదాపు ఆరు డిగ్రీలు. కానీ ఈ లెక్క రోజును బట్టి మారుతుంది. గాలి పొడిగా, బాగా కలిసిపోయి ఉన్న మధ్యాహ్నం తేడా ఎనిమిది దాకా వస్తుంది. మబ్బు, తేమ ఉన్న రోజున అయిదుకు తగ్గుతుంది. పైగా దేనితో పోలుస్తున్నామన్నది ముఖ్యం. విజయవాడతో పోలిస్తే అరకు స్వర్గం. సముద్రపు గాలి వీచే రోజున విశాఖ బీచి రోడ్డుతో పోలిస్తే మధ్యాహ్నం తేడా రెండు మూడు డిగ్రీలే ఉండవచ్చు. ఏప్రిల్ రెండో సగంలో అరకులో మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది, ఫ్యాను కావాలి. లంబసింగి పేరు చెప్పి ఏప్రిల్‌లో స్వెట్టర్లు సర్దుకొచ్చేవాళ్లను చూశాను. అక్కడి చలికాలపు చలి ఎత్తు వల్ల మాత్రమే రాదు. మబ్బులేని రాత్రి నేల వేడి ఆకాశంలోకి పోయి, చల్లబడిన బరువైన గాలి చుట్టూ ఉన్న వాలుల నుంచి లోయలోకి జారి నిలవడం వల్ల వస్తుంది. అదే లోయ ఏప్రిల్ పగలు అంతే చక్కగా కాగుతుంది. శ్రీశైలం కూడా కొండే కదా అనుకునేవారికి, ఆలయం ఉన్నది అయిదు వందల మీటర్ల లోపే, చుట్టూ నల్లమల రాళ్లు. వేసవి విడిదికి అది చోటు కాదు.

అయినా మీ అమ్మానాన్నలను కొండకు పంపమనే అంటాను, రాత్రి కోసం. మే నెల వడగాలిలో విజయవాడ రాత్రి ముప్పై డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, పై అంతస్తు గదిలో ఇంకా ఎక్కువ. పగలు తిన్న దెబ్బ నుంచి శరీరం కోలుకునేది నిద్రలో, గది చల్లబడినప్పుడు. వరుసగా నాలుగు రాత్రులు ఆ అవకాశం లేకపోతే అయిదో పగలు ప్రమాదం. అరకులో మధ్యాహ్నం 35 అయినా సూర్యుడు కొండ దాటాక వేడి గబగబా దిగిపోతుంది, తెల్లవారుజామున దుప్పటి వెతుక్కుంటారు.

అయితే కొండ ఈ చల్లదనాన్ని ఊరికే ఇవ్వదు, ఉరుములతో లెక్క సరిచేస్తుంది. పొద్దున్నే ఎండ తగిలిన వాలులు కాగి, గాలి వాటి వెంట పైకి పాకుతుంది. పదకొండుకల్లా శిఖరాల మీద దూది మబ్బులు, రెండుకల్లా అవి నిలువుగా పెరిగి తలలు విప్పుకుంటాయి, మూడు నుంచి ఆరు మధ్య వాన. పైన వీచేది పడమటి గాలి కాబట్టి ఆ మబ్బులు చాలాసార్లు తూర్పుకు కదిలి సాయంత్రం ఎస్.కోట, విజయనగరం, చోడవరం మీదికి దిగుతాయి. మన్యంలో మధ్యాహ్నం కురిసింది మైదానంలో రాత్రి భోజనాల వేళకు ఈదురుగాలిగా చేరడం అందుకే. మార్చి, ఏప్రిల్‌లలో వచ్చే ఈ తొలి వానల కోసమే కాఫీ రైతులు ఎదురుచూస్తారు. పూత వాన సరిగ్గా పడితే కొద్ది రోజుల్లో మొక్కలు తెల్లగా విరబూస్తాయి, రెండు మూడు వారాల్లో మరో వాన పడితే పిందె నిలుస్తుంది. సెలవు పాడైందని మీరు విసుక్కునే సాయంత్రం అక్కడ ఒక ఊరి ఏడాది ఆదాయం.

ఉరుముల మబ్బు వస్తున్న తీరు ఒకసారి గమనించండి. కాసేపు గాలి పూర్తిగా ఆగిపోతుంది, ఆకు కదలదు. పడమట మబ్బు అడుగు నల్లటి గీతలా కనిపిస్తుంది. తర్వాత ఒక్కసారిగా మట్టి వాసనతో చల్లగాలి తోసుకొస్తుంది. అబ్జర్వేటరీలో తిరిగే డ్రమ్ము మీద సిరా ముల్లు ఉష్ణోగ్రతను గీస్తుంటుంది కదా, మధ్యాహ్నమంతా నెమ్మదిగా వంపు తిరిగిన ఆ గీత ఈ క్షణంలో స్కేలు పెట్టి కొట్టినట్టు నిలువునా కిందికి పడుతుంది. కొన్ని నిమిషాల్లో ఎనిమిది, పది డిగ్రీలు. వాన ఇంకా మొదలే కాదు. చెట్లు విరిగేది, రేకులు ఎగిరేది, కరెంటు పోయేది ఎక్కువగా ఈ తొలి గాలికే.

అందుకే ఘాట్ రోడ్డు ప్రయాణం ఏప్రిల్, మేలలో మధ్యాహ్నం ఒంటిగంటలోపు ముగించండి. అనంతగిరి దగ్గర కాఫీ తోటలకు నీడగా పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు రోడ్డు వెంట పొడుగ్గా నిలబడి ఉంటాయి, గాలివానకు కొమ్మలు అడ్డం పడితే గంటల తరబడి కదలిక ఉండదు. చాపరాయి, కటికి లాంటి నీటి తావుల్లో పైన ఎక్కడో కురిసిన వాన ఇక్కడ ఎండ కాస్తుండగానే చేరవచ్చు. పిడుగుల మాట తేలిగ్గా తీసుకోకండి. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. మెరుపు కనిపించి ముప్పై సెకన్లలోపు ఉరుము వినిపిస్తే ఇంట్లోకి వెళ్లాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటకు రాకూడదు. చెట్టు కింద, రేకుల చావిడిలో నిలబడటం ఆశ్రయం కాదు. ‘దామిని’ యాప్ మీ చుట్టుపక్కల పిడుగుల కదలికను చూపిస్తుంది, ఫోనులో వేసి పెట్టండి.

ఎండ తీవ్రత అన్నిచోట్లా ఒకే వారంలో రాదన్నది కూడా మీకు ఉపయోగపడే సంగతే. సూర్యుడు దక్షిణం నుంచి పైకి వస్తాడు. అనంతపురం, చిత్తూరు వైపు ఏప్రిల్ ఆఖర్లో నడినెత్తికి చేరితే, విజయవాడకు మే మొదటి వారంలో, హైదరాబాద్‌కు మే 9 ప్రాంతంలో, అరకుకు ఇంకొన్ని రోజులకు చేరతాడు. రాయలసీమలో ఏప్రిల్ రెండో సగం నుంచే గట్టి ఎండలు, మే మధ్య నుంచి ఉరుముల వానలతో కాస్త ఊరట. కోస్తాకు వంతు చివర. పడమటి గాలి బలపడి, రుతుపవనాలు ఇంకా రాని మే ఆఖరు, జూన్ మొదటి రోజులే అక్కడ కఠినం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత మైదానంలో పుట్టింది. అదే కార్తెలో మన్యంలో సాయంత్రానికల్లా నేల తడిసి ఉండటం ఎన్నో ఏళ్లు చూస్తాం.

మీ అన్నగారి తోటకు ఎండ కన్నా గాలి పెద్ద శత్రువు. నూజివీడు వైపు బంగినపల్లి, రసాలు బరువెక్కే ఏప్రిల్–మే రోజుల్లోనే ఈదురుగాలులు. ఒక్క సాయంత్రం గాలికి రాలిన కాయ ధర పచ్చడి కాయ ధరకు పడిపోతుంది. కోతకు దగ్గరైన కాయను ‘ఇంకో వారం ఆగితే రేటు వస్తుంది’ అని చెట్టు మీద ఉంచాలా వద్దా అన్న నిర్ణయానికి మూడు నెలల అంచనా ఎందుకూ పనికిరాదు, అయిదు రోజుల అంచనా బాగా పనికొస్తుంది. వడగళ్ల భయం కోస్తా కన్నా తెలంగాణకు ఎక్కువ, అదీ మార్చి, ఏప్రిల్‌లలో. ఉత్తరాది నుంచి పై గాలుల్లో చల్లటి ద్రోణి కిందికి వంగినప్పుడు, కింద తేమ కూడా ఉంటే పెద్ద గడ్డలు పడతాయి. 2023 మార్చి మూడో వారంలో వికారాబాద్, జహీరాబాద్ వైపు పొలాలు తెల్లగా కప్పుకుపోయాయి. నూజివీడుకు అది అరుదు గాని అసాధ్యం కాదు.

మొక్కజొన్న విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను, గింజ కల్లంలో ఆరబోశాక పొద్దున్న ఆకాశం నీలంగా ఉందని పరదాలు ఇంట్లో పెట్టవద్దు. వేసవి వాన పొద్దున్న కబురు పెట్టి రాదు. కొనుగోలు కేంద్రంలో తేమ 14 శాతం దాటితే పేచీ మొదలవుతుంది, ఒక్క తడి రెండు ఎండలను మింగేస్తుంది. రాశి చుట్టూ చిన్న కాలువ తీయించి, పరదాను గాలికి లేవకుండా బరువులతో సహా పక్కనే ఉంచితే చాలు.

ఏ సమాచారం ఎప్పుడు చూడాలో ఇప్పుడు తేలికగా చెప్పవచ్చు. ప్రతి నెలాఖరున వచ్చే నెల అంచనా ఒకసారి చదివి పక్కన పెట్టండి. గురువారం నాడు వాతావరణ శాఖ రాబోయే వారాల సరళి విడుదల చేస్తుంది, అమ్మానాన్నల ప్రయాణం ఏ వారంలో అన్నది దాన్నిబట్టి అనుకోండి. రోజు నిర్ణయించడానికి అయిదు రోజుల బులెటిన్ చూడండి. వడగాలికి విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా ఇచ్చే జాబితా చాలా ఉపయోగం, పాడేరుకూ విజయవాడకూ వేర్వేరుగా తెలిసేది అక్కడే. బయలుదేరే రోజున మూడు గంటల ముందస్తు హెచ్చరిక, రాడార్ చిత్రం చాలు. విశాఖ, మచిలీపట్నం, హైదరాబాద్ రాడార్ల చిత్రాలు ఎవరైనా చూడవచ్చు. ఒక జాగ్రత్త, వర్షపాతం అంకె పొద్దున ఎనిమిదిన్నరతో ముగిసే 24 గంటలది. సోమవారం పేరున వచ్చిన వాన చాలావరకు ఆదివారం సాయంత్రం కురిసింది.

తేదీల విషయంలో నా సలహా ఇది. ఏప్రిల్ మధ్యలోనే వెళ్లాల్సిన పని లేదు. విజయవాడలో ఏప్రిల్ మూడో వారం దాకా ఏసీ గదితో నెట్టుకురావచ్చు. ఏప్రిల్ ఆఖరు వారంలో గాలి ఆగ్నేయంగా ఉన్న రోజు చూసి బయలుదేరండి, కింద ఎండ దెబ్బ తగలదు. మే ఆఖరున తిరిగి రావాలన్న ఆలోచన మాత్రం మార్చుకోండి. మీరు దించబోతున్నది కోస్తాలో అత్యంత కఠినమైన వారంలోకి. మృగశిర కార్తె దాకా, అంటే జూన్ రెండో వారం దాకా ఇల్లు దొరికితే తీసుకోండి. రుతుపవనాలు ముందుగా వస్తే ముందుగానే రావచ్చు.

ఇల్లు చూసేటప్పుడు లోయ దృశ్యం సంగతి తర్వాత అడగండి. పైకప్పు రేకులా, పెంకులా, శ్లాబా అన్నది ముందు అడగండి. రేకుల గది, గుడారం అరకులోనైనా మధ్యాహ్నం పొయ్యే. పడమటి గోడకు నీడ ఉందా, సీలింగు ఫ్యాను ఉందా, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందా చూడండి. ఇంటి మీదికి వాలిన పెద్ద చెట్టు ఉంటే ఆ ఇల్లు వద్దు. అరకు, పాడేరులలో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి గాని పెద్ద చికిత్సకు విశాఖకే దిగాలి, అది ఘాట్ రోడ్డు ప్రయాణం. అందుకని రెండు నెలల మందులు, డాక్టరు చీటీ దగ్గర ఉంచండి. రక్తపోటు మందుల్లో మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి ఉంటే ఎండల్లో మోతాదు గురించి బయలుదేరే ముందే డాక్టరును అడగండి. ఇల్లు ఏ ఊళ్లో చూస్తున్నారో, అది లోయలోనా వాలు మీదనా అన్నది రాస్తే రాత్రి చలి గురించి ఇంకొంచెం నిక్కచ్చిగా చెప్పగలను.